మెడ మీద రెండు వేళ్ళు

మా మేనత్తకు భయపడడం ఒక ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు. ఇంటికి తాళం వేస్తుంది, లాగి చూస్తుంది, నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి మళ్ళీ లాగుతుంది. "ఇలా లాగితే ఏదో ఒకరోజు తాళం ఊడి చేతికొస్తుంది అత్తా" అని నేనంటే, "ఊడేదైతే నా చేతికే రానీవే, దొంగ చేతికి వచ్చేకంటే నయం" అంటుంది. స్టవ్ కట్టేసిందో లేదో చూడడానికి సగం దారిలోంచి నా స్కూటర్‌ను వెనక్కి తిప్పించిన సందర్భాలకు లెక్కలేదు. కట్టేసే ఉంటుంది. అయినా దాన్ని నాలుగు వైపుల నుంచీ చూసి, నా మీద ఏదో పందెం గెలిచినట్టు బయటికి వస్తుంది. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం మా ఇంట్లో అద్దె కట్టకుండా కాపురం ఉండేది.

పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఉన్న భయాలు చాలవా" అనేది. చదువు కోసం నేను ఆమె ఇంటికి వచ్చి, ఆ తర్వాత కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి కుదిరి, అక్కడే ఉండిపోయాను. దాంతో ఆమె భయాలకు ఒక చిరునామా దొరికింది. నేను తుమ్మితే కషాయం, దగ్గితే డాక్టరు. కోపం రాకుండా ఎలా ఉంటుంది? నాకు వచ్చేది. ఆ కోపంతోనే ఈ కథ చెప్తున్నాను అనుకున్నా తప్పులేదు, ప్రేమతో చెప్తున్నాను అనుకున్నా తప్పులేదు.

ఆమె జీతం వచ్చే ఉద్యోగం బస్సు డిపోలో, పోయిన సామాన్ల గదిలో. జనం బస్సుల్లో మర్చిపోయిన గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు, ఒకసారి గుడ్డలో చుట్టిన కట్టుడు పళ్ళు కూడా, అన్నీ ఆ గదికే చేరేవి. ప్రతిదానికీ ఒక చీటీ కట్టి, అరలో పెట్టి, ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారని ఎదురుచూసేది. రోజంతా ఆ గదిలో కూర్చున్న మనిషికి లోకం మీద నమ్మకం ఎలా కుదురుతుంది? "పళ్ళనే మర్చిపోయి దిగిపోయినవాళ్ళు పిల్లల్ని మర్చిపోరని ఏంటే నమ్మకం?" అనేది నాతో.

సాయంత్రం ఆ గది మూసేశాక అదే మనిషి ఇంకో అవతారం ఎత్తేది. డిపో వెనకున్న మైదానంలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పేది. వయసులో ఉన్నప్పుడు డిపో ఆడవాళ్ళ జట్టులో కుడి పక్క పరిగెత్తిన మనిషి. మోకాలు దెబ్బతిని ఆట మానేసినా మైదానం మానలేదు. ఇంజిన్ ఆయిల్ వాసన, సగం గడ్డి సగం మట్టి, ఎప్పుడో బస్సు వెనక్కి వచ్చి గుద్దితే ఒంగిపోయిన గోల్ స్తంభం. అదే ఆమె సామ్రాజ్యం. నేను అత్తా అని పిలవడం విని పిల్లలంతా అత్తా అనే పిలిచేవాళ్ళు. రోడ్డు దాటించేటప్పుడు వాళ్ళను ఇటువైపు ఒకసారి, అటువైపు ఒకసారి లెక్కపెట్టేది. ఆమెను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి, స్కూటర్ మీద కూర్చుని ఆవలించడం నా వంతు.

ఆ జట్టుకు ఒక రోగం ఉండేది. మొదటి సగంలో పులులు, రెండో సగంలో పిల్లులు. విరామం తర్వాత కాళ్ళు బరువెక్కేవి, బంతి కళ్ళ ముందు నుంచే పోతున్నా నడుస్తూ చూసేవాళ్ళు. గెలవాల్సిన ఆటలన్నీ చివర్లో చేజారిపోయేవి. అత్త వాళ్ళ చేత మైదానం చుట్టూ రోజూ చుట్లు కొట్టించేది. పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ ఆ చుట్లు పూర్తిచేసేవాళ్ళు. కబుర్లలో మాత్రం బాగా ముందుకెళ్ళారు.

అలాంటప్పుడు నగరంలో కోచ్‌లకు శిక్షణ పెడితే వెళ్ళొచ్చింది. అక్కడి మాస్టారు చెప్పింది ఇంతే: ఫుట్‌బాల్‌లో ఎవరూ ఒకే వేగంతో గంటసేపు పరిగెత్తరు. దూకుతారు, ఆగుతారు, మళ్ళీ దూకుతారు. శిక్షణ కూడా అలాగే ఉండాలి. ఉన్న బలమంతా పెట్టి కొద్దిసేపు పరుగు, కొద్దిసేపు విశ్రాంతి, మళ్ళీ పరుగు. వారానికి రెండుసార్లు చాలు. పిల్లలకు మంచిదే, కానీ విశ్రాంతిని దొంగిలించకూడదు. పరుగెంతో విశ్రాంతీ అంతే.

ఇంటికొచ్చాక రెండు రోజులు మా అత్త కాలు కాలిన పిల్లిలా తిరిగింది.

"గుండె నోట్లోకి వచ్చేలా పరిగెత్తించమంటాడే ఆయన. పిల్లల గుండెలతో ఆటలా?" అంది.

"ఆయన చదువుకున్నాడు కదా అత్తా. ఊరికే చెప్తాడా?"

"చదువుకున్నాడు సరే. ఎవరైనా పడిపోతే ఆయన వస్తాడా? నేను కదా వాళ్ళమ్మకి మొహం చూపించాలి."

మూడో రోజుకు ఆ భయానికి ఒక మందు కనిపెట్టింది. పిల్లలు గీత నుంచి మైదానం మధ్యకు ప్రాణం పెట్టి పరిగెత్తి వెనక్కి రావాలి. వచ్చి నిలబడి, దవడ కింద మెడ మీద రెండు వేళ్ళు పెట్టుకోవాలి. అత్త గడియారం చూస్తూ "మొదలు" అంటుంది, కాసేపటికి "చాలు" అంటుంది. ఆ మధ్యలో ఎన్ని దెబ్బలు కొట్టుకుందో ఎవరికి వాళ్ళు లెక్కపెట్టుకోవాలి. ఆమె చెప్పిన అంకె కంటే తగ్గితే "దిగింది" అని అరవాలి. తగ్గకపోతే మళ్ళీ లెక్క. అందరూ దిగింది అనేదాకా తర్వాతి పరుగు లేదు. మరీ బడిలా ఉంటుందని దానికి చిన్న సరదా కూడా తగిలించింది. అందరికంటే ఆఖరున దిగింది అన్నవాళ్ళు బంతుల సంచి మోసుకెళ్ళి గదిలో పెట్టాలి.

నిజం చెప్పాలంటే ఆ ఏర్పాటు చూసి నేనే మెచ్చుకున్నాను. భయం కూడా ఒక్కోసారి బుర్రతో పనిచేస్తుంది అనుకున్నాను.

కొత్త పరుగు మొదలైన రెండు నెలలకు జట్టు రంగు మారిపోయింది. విరామం తర్వాత అవతలి జట్టు నడుస్తుంటే వీళ్ళు దూకుతున్నారు. ఓడిపోతున్న ఆట చివరి నిమిషాల్లో తిరగబడేది. ఊళ్ళో డిపో పిల్లలంటే ఒక పేరు వచ్చింది. "దిగింది" అనే అరుపు కూడా పరుగంత పోటీ అయిపోయింది. ఒకళ్ళ నోట్లోంచి మాట పూర్తి కాకముందే ఇంకొకళ్ళు అందుకునేవాళ్ళు. అత్త మొహం వెలిగిపోయేది. "చూశావా, ఎంత తొందరగా దిగుతోందో. గుండెలు గట్టిపడుతున్నాయే" అనేది.

అందరికంటే ముందు అరిచేది మిడత. అసలు పేరు బడి హాజరులో ఉండేది, మాకు మాత్రం మిడతే. పదమూడేళ్ళు దాటాయి, చూస్తే పదేళ్ళదానిలా ఉంటుంది. ఎడమ పక్క నుంచి అది దూకితే పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. వాళ్ళమ్మ బడి యూనిఫాంలు కుట్టే దుకాణంలో కుట్టుపని చేసేది. నాన్న లేడు. ఒక గది ఇల్లు, ఆ గదిలో సగం కుట్టుమిషనుదే.

ఆ ఏడాది క్రీడా పాఠశాల వాళ్ళు మా ఊరికి ఎంపికకు వస్తామన్నారు. ఎంపికైతే అక్కడే ఉండి చదువు, తిండి, ఆట, అన్నీ వాళ్ళే చూసుకుంటారు. పద్నాలుగు నిండినవాళ్ళను తీసుకోరు. మిడతకు పద్నాలుగు నిండబోతున్నాయి. అంటే దానికి ఉన్నది ఈ ఒక్క అవకాశమే. జట్టులో దాని ఒక్కదానికే పిలుపు వచ్చింది. పిల్ల ఆరోగ్యంగా ఉందని కోచ్ సంతకం పెట్టిన కాగితంతో ఒక ఆదివారం పొద్దున హాజరు కావాలి, అంతే. పిల్లలతో వచ్చినవాళ్ళను మాత్రం మైదానంలోకి రానివ్వరు.

ఎంపికకు పది రోజుల ముందు, ఒక సాయంత్రం పరుగు మధ్యలో మిడత ఎప్పట్లాగే ముందుగా "దిగింది" అంది. దాని బూటు లేసు ఊడి వేలాడుతోంది. ఊడిన లేసు చూస్తే మా అత్తకు పళ్ళు రాలిన మొహాలు కనిపిస్తాయి. కట్టడానికి వెళ్ళి ఒంగింది. లేస్తూ లేస్తూ ఆగిపోయింది. పిల్ల మెడ పక్కన చర్మం ఎగిరెగిరి పడుతోంది. అత్త తన రెండు వేళ్ళు అక్కడ పెట్టింది.

స్కూటర్ మీద కూర్చున్న నాకు ఆమె మొహం కనిపించింది. అందులో రక్తం లేదు. నేను పరిగెత్తుకెళ్ళాను.

"లెక్కకి అందట్లేదే" అంది నాతో గొంతు తగ్గించి. "కొట్టుకోవట్లేదు, వణుకుతోంది."

"నాకేం కాలేదు అత్తా! దిగింది అన్నా కదా!" అంటోంది మిడత. దాని పెదవులు తెల్లగా ఉన్నాయి.

పిల్లను మధ్యలో కూర్చోబెట్టుకుని ముగ్గురం ఆసుపత్రికి పోయాం. దారి పొడుగునా వెనక నుంచి అత్త చెయ్యి పిల్ల మెడ మీదే ఉంది. ఆసుపత్రి మలుపు దగ్గర ఒక్కసారిగా "తగ్గింది" అంది. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆమెకు మాత్రం రాలేదు.

అక్కడున్న కుర్ర డాక్టరు మంచివాడు. ఓపిగ్గా చూశాడు, ఇ.సి.జి. తీశాడు. "ఇప్పుడైతే అంతా సవ్యంగానే ఉందండీ. మీరు చెప్పింది నిజం కాదని అనట్లేదు. కానీ అది వచ్చినప్పుడు పట్టుకుంటే గానీ ఏమిటో చెప్పలేం" అన్నాడు. ఇంతలో మిడత వాళ్ళమ్మ, బట్టలకు అంటిన దారప్పోగులతో అలాగే పరిగెత్తుకొచ్చింది. డాక్టరు మాట మొత్తం విని, బిడ్డను ఒళ్ళంతా తడిమి చూసుకుని, అప్పుడు మా అత్త వైపు తిరిగింది.

"అక్కా, మీరంటే నాకు గౌరవం. కానీ మీ భయం నా బిడ్డకి అంటించకండి. దానికి బతుకుదారి దొరికేది ఇప్పుడే."

నాకైతే ఆ తల్లి మాట సబబే అనిపించింది. తాడును చూసి పాము అనుకునే మనిషి ఈసారీ తాడునే చూసిందేమో, ఎవరికి తెలుసు?

మర్నాడు అత్త పిల్లలందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టింది. "ఒక్క మాట అడుగుతాను. తిట్టను, కొట్టను. దిగకుండానే దిగింది అన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఒక్కొక్కరూ బూట్లు తడుముకోవడం మొదలెట్టారు. గోల్‌కీపరు పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. అదే బయటపడింది.

"అందరం అంటాం అత్తా. ఆఖర్న అంటే సంచి మొయ్యాలి కదా. సంచి బరువని కాదు, సిగ్గు."

"మరి లెక్క?"

"లెక్కెక్కడ అత్తా! నేను పెట్టడమే మానేశా. పక్కది దిగింది అంటే నేనూ దిగింది అంటా."

అత్త బంతుల సంచి మీద కూలబడింది. పిల్లల గుండెలకు కాపలాగా తను పెట్టిన కట్టుబాటే వాళ్ళ చేత అబద్ధాలు ఆడించింది. కంచే చేను మేసింది. రెండు నెలలుగా దిగని గుండెలను దిగాయనుకుని మళ్ళీ మళ్ళీ పరిగెత్తించానా అని ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. విశ్రాంతిని దొంగిలించవద్దన్నాడు ఆ మాస్టారు. దొంగతనం ఆమె కళ్ళ ముందే, ఆమె గడియారం కిందే జరిగింది.

మిడత ఒక్కతే తల ఎత్తి, "నేను మాత్రం నిజమే చెప్పాను అత్తా" అంది.

ఆ రోజు నుంచి పరుగులు బంద్. ఉత్త పాసులు, బంతి ఆపడాలు. పిల్లలు మూతులు ముడుచుకున్నారు. ఇంట్లో అత్త అన్నం ముందు కూర్చుని తన రెండు వేళ్ళనూ చూసుకునేది.

"ఒకవేళ నా వేళ్ళే వణికాయేమోనే" అంది ఒకరోజు.

"అదే నేనూ అంటున్నా! యంత్రం బాగుందంది, డాక్టరు బాగుందన్నాడు, పిల్ల బాగున్నానంటోంది. నీ ఒక్కదానికే బాగాలేదు. సంతకం పెట్టెయ్ అత్తా, పుణ్యం ఉంటుంది" అని అరిచాను. నిజంగానే అరిచాను. ఆ వారం రోజులు ఆ ఇంట్లో ఉండడమంటే, ఎప్పుడు పడుతుందో తెలియని ఇటుక కింద కూర్చోవడమే.

"పెట్టనా? అక్కడ ఎంపికలో ఏం చేయిస్తారో తెలుసా నీకు? ఇదే పరుగు. ఒక్కొక్కళ్ళు ఆగిపోతుంటే మిగిలినవాళ్ళని ఇంకా ఇంకా పరిగెత్తిస్తారు. అది ఆగే రకమా? ఛస్తే ఆగదు." ఆ మాట అనేసి తనే నాలుక కరుచుకుంది. "అక్కడ దాని మెడ మీద ఎవరి చెయ్యి ఉంటుందే?"

నేను లేచి కంచాలు తీశాను.

ఆమె మళ్ళీ ఆ కుర్ర డాక్టరు దగ్గరికే వెళ్ళింది. అది వచ్చినప్పుడే పట్టుకోవాలంటే వచ్చేలా చెయ్యాలి కదా, అదెలాగ అని అడిగింది. ఆయన పెద్దాసుపత్రి గుండె విభాగానికి ఫోన్ చేశాడు. వైర్లు తగిలించి, యంత్రం మీద పరిగెత్తించి చూసే పరీక్షకు శుక్రవారం రమ్మన్నారు. ఎంపిక ఆదివారం.

మిడత వాళ్ళమ్మ కుట్టుమిషను ఆపకుండానే విన్నది. "అక్కడ బాగుందంటే సంతకం పెడతారా?" అంది.

"పెడతాను."

"మళ్ళీ ఇంకో భయం తీసుకురారు కదా?"

"తీసుకురాను."

శుక్రవారం నలుగురం వెళ్ళాం. చల్లటి గది, పక్కన మంచం, మధ్యలో ట్రెడ్‌మిల్. మిడత ఛాతీ మీద చిన్న చిన్న బిళ్ళలు అంటించి వైర్లు తగిలించారు. వదులు గౌనులో అది ఇంకా చిన్నగా కనిపించింది. తెర దాని వెనక వైపు, డాక్టరమ్మకూ మాకూ కనిపించేలా ఉంది. డాక్టరమ్మకు యాభై ఏళ్ళుంటాయి. ఆమె కళ్ళజోడు ఒక పక్కకు వంగి ఉంది. అలాంటప్పుడు కూడా నా కన్ను దాని మీదకే పోయింది, పాడు అలవాటు.

మొదట యంత్రం తన పద్ధతిలో మెల్లగా వేగం పెంచుకుంటూ పోయింది. మిడత హాయిగా పరిగెత్తింది. తెర మీద గీతలు బుద్ధిగా నడిచాయి. "చూశారా అక్కా" అంది వాళ్ళమ్మ, ఊపిరి వదులుతూ. నేనూ వదిలాను.

డాక్టరమ్మ మాత్రం బెల్టు ఆపి, మా అత్తను అడిగింది. "మైదానంలో వచ్చింది అన్నారు కదమ్మా. అక్కడ మీరెలా పరిగెత్తిస్తారు?"

"ప్రాణం పెట్టి కాసేపు. తర్వాత ఆపేస్తాం. మళ్ళీ కాసేపు."

"అలాగే చేద్దాం. నేను వేగం చూసుకుంటాను, మీరు చెప్పండి. మీ గొంతైతే పాపకి అలవాటు."

అత్త లేచి నిలబడింది. ఏ పిల్లకు ఏమవుతుందోనని రోడ్డు మీద కూడా లెక్కపెట్టే మనిషి, ఇప్పుడు ఆ ఏమవుతుందో అన్నదాన్ని తన నోటితోనే పిలవాలి. అది రాకూడదని ఆమె కోరిక. రాకపోతే సంతకం పెట్టాలి, పెట్టి ఆదివారం ఇంట్లో కూర్చోవాలి. అది రావాలనీ ఆమె కోరిక. ఆ రెండింటి మధ్య నలిగిపోతూ నా చెయ్యి పట్టుకుంది.

"పరిగెత్తు" అంది. మాట సరిగ్గా రాలేదు. మళ్ళీ అంది. "పరిగెత్తవే!"

మిడత దూకింది. బెల్టు రొదపెట్టింది. ఆపారు. ఏమీ రాలేదు. రెండోసారి. ఆపారు. ఏమీ లేదు. దాని మొహం మీద నవ్వు మొదలైంది. మూడోసారి అది మైదానంలో ఆఖరి నిమిషం ఉన్నట్టే పరిగెత్తింది, జడ వీపు మీద కొట్టుకుంటూ. ఆపారు.

తెర మీద గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తోసుకున్నాయి. యంత్రం గబగబా కూతపెట్టింది. వైర్లు తగిలించిన నర్సు చెయ్యి గాల్లో ఆగిపోయింది. వాళ్ళమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎలా ఉంది పాపా?" అంది డాక్టరమ్మ. గొంతులో కంగారు లేదు.

మిడత మెడ మీద రెండు వేళ్ళు పెట్టుకుని, మా అందరి వైపూ చూసి నవ్వింది.

"దిగింది" అంది.

ఆ గదిలో తెర కనిపించనిది దానికొక్కదానికే. మా మొహాలు మాత్రం కనిపించాయి. నవ్వు ఆరిపోయింది. "దిగింది. నిజంగా. ఇంకోటి పరిగెడతాను, చూడండి" అని మళ్ళీ బెల్టు మీద కాలు వేయబోయింది. మా అత్త ఒక్క అంగలో వెళ్ళి దాన్ని అమాంతం ఎత్తి మంచం మీద కూర్చోబెట్టింది.

డాక్టరమ్మ సూది లేని సిరంజి ఒకటి ఇచ్చి, లోపలి పుల్ల జరిగేదాకా గట్టిగా ఊదమంది. మిడత ఊదింది. బుగ్గలు ఉబ్బాయి, కళ్ళు ఎర్రబడ్డాయి. గీతలు మారలేదు. "ఏం ఫర్వాలేదు, కొంచెం ఊపిరి తీసుకుని మళ్ళీ ఊదుదువుగాని" అని, వాళ్ళమ్మ వైపు తిరిగి చెప్పింది. గుండెలో కరెంటు నడిచే దారి ఒకటే ఉండాలి. ఈ పిల్లకు పుట్టుకతో ఇంకో అడ్డదారి ఉన్నట్టుంది. పరుగు వల్ల వచ్చింది కాదు, పరుగులో బయటపడింది. సన్నటి తీగ లోపలికి పంపి ఆ దారి మూసేయొచ్చు. ఆ తర్వాత కావలసినంత ఆడొచ్చు. అప్పటిదాకా పరుగు వద్దు.

"మరి ఆదివారం?" అంది వాళ్ళమ్మ.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"రాయొద్దని చెప్పు అత్తా" అంది మిడత. ఏడుపు ఇంకా రాలేదు, దారిలో ఉంది. "ఇది రాస్తే నన్ను తీసుకోరు. మళ్ళీ నాకు వయసుండదు. రాయొద్దని చెప్పు."

"ఇది ఎప్పట్నుంచి వస్తోందే?"

మిడత ఒక వైరును వేలికి చుట్టుకుంది.

"తల్లీ, ఎప్పట్నుంచి?"

"కొత్త పరుగు మొదలెట్టినప్పట్నుంచీ."

"భయం వెయ్యలేదా?"

"వేసేది. కళ్ళు మసకలొచ్చేవి."

"మరి నాతో ఎందుకు చెప్పలేదే?"

అది అత్త మొహంలోకి సూటిగా చూసింది. "నీకు చెప్తే నువ్వు ఇంకా భయపడతావు కదా. ఊడిన లేసుకే అంత భయపడతావు. ఇది చెప్తే నన్ను మళ్ళీ మైదానంలోకి రానిస్తావా? అందుకే నాకొక్కదానికే ఉంచుకున్నా."

ఆ మాట మా అత్తకు ఎక్కడ తగిలిందో నేను చూశాను. జీవితమంతా అందరి కోసం భయపడిన మనిషి. ఆ భయం పిల్లలకు గొడుగు అనుకుంది. తీరా చూస్తే ఈ పిల్ల ఆ గొడుగు కింద నుంచి తప్పించుకుని, ఒంటరిగా వానలో నిలబడింది. నాకు వారం రోజుల కోపం ఎటు పోయిందో తెలియలేదు. మా అత్త మీద జాలేసింది.

ఆమె మంచం అంచున కూర్చుంది. పిల్ల నుదుటి మీద చెమట తన కొంగుతో తుడిచింది.

"భయపడతానే" అంది. "భయపడను అని చెప్తే అది అబద్ధం. నా తరం కాదు. కానీ భయపడుతూనే వింటాను. మధ్యలో అరవను, ఆపను, పూర్తిగా వింటాను. నువ్వు చెప్పు. ఇప్పుడెలా ఉంది?"

అప్పుడు వచ్చింది ఏడుపు. "దిగట్లేదు అత్తా. అస్సలు దిగట్లేదు. గొంతులో కొట్టుకుంటోంది. భయమేస్తోంది."

"ఊఁ. ఇంకా?"

"చెవుల్లో హోరుగా ఉంది."

"సరే. ఊదుదామా?"

డాక్టరమ్మ ఈసారి, ఊదడం అవగానే పిల్లను వెల్లకిలా పడుకోబెడతాననీ, అప్పుడు కాళ్ళు రెండూ పైకెత్తి పట్టుకోవాలనీ చెప్పింది. మిడత కళ్ళు మూసుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి ఊదింది. పడుకోబెట్టారు. మా అత్త చీలమండలు పట్టుకుని కాళ్ళు ఎత్తింది. తెర ఆమె వీపు వెనక ఉంది. మేమందరం తెరనే చూస్తున్నాం, ఆమె పిల్ల మొహం చూస్తోంది.

యంత్రం కూత ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో నేను చచ్చి బతికాను. తర్వాత ఒక్కటి కొట్టింది, కాస్త ఎడంగా ఇంకొకటి, మళ్ళీ ఇంకొకటి.

మిడత కళ్ళు తెరిచింది. మెడ మీద వేళ్ళు పెట్టుకుని, పెదవులు కదుపుతూ, నిదానంగా లెక్కపెట్టుకుంది.

"అత్తా, దిగింది."

మా అత్త తెర వైపు తిరిగి చూడలేదు. ఆ కాళ్ళు అలాగే ఎత్తి పట్టుకుని, "సరే తల్లీ" అంది.